రెండు గంటల సముద్రం

విమానం పోర్ట్ బ్లెయిర్ నేల వదలగానే ఎరుకమ్మ పక్కసీటులోని గురమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“భయమేస్తందా అక్కా?”

“నాకెందుకు భయం? నువ్వే నా చెయ్యి నలిపేస్తన్నావు,” అంది గురమ్మ. ఆ కాస్త మాటకే ఆయాసం వచ్చి కళ్లు మూసుకుంది.

ఇటుపక్క కూర్చున్న లీదియా వంగి చూసింది. ఆమె పోర్ట్ బ్లెయిర్‌లో నర్సు. చెల్లెలి పెళ్లికి చెన్నై వెళ్తోంది.

“ఆవిడకి గుండె జబ్బా ఆంటీ?”

“అవునమ్మా. చెన్నైలో ఆపరేషను. నా కొడుకు ముందే వెళ్లి ఆస్పత్రిలో మాట్లాడతన్నాడు. ఓడ ప్రయాణం ఈవిడ తట్టుకోలేదన్నాడు డాక్టరు. ఇదెంతసేపు పడతాది?”

“పద్నాలుగు వందల కిలోమీటర్ల దాకా ఉంటుంది. రెండు గంటల్లో దిగిపోతాం.”

“రెండు గంటలే!” ఎరుకమ్మ నోరు తెరిచింది. “నేనొచ్చినప్పుడు ఓడలో మూడు రోజులు. మా ఆయన ఇక్కడ చేపలు పట్టేవోడు. ఊరొచ్చి నన్ను చేసుకుని, కడుపుతో ఉండగా తీసుకొచ్చాడు. ఓడలో మంచినీళ్లు కూడా ఇమడలేదు. దిగేసరికి నిలబడే ఓపిక లేదు. అప్పుడు ఈ అక్క జెట్టీకొచ్చింది. నన్ను చూసింది, నా కడుపు చూసింది. నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, ‘ఎండలో నిలబడకు, పద’ అంది. తన ఇంట్లోనే ఉంచుకుంది. పురుడూ తనే పోసింది.”

“అచ్ఛా! అంత మంచి మనిషా?”

“ఇంకా విను. బాబుకి నడక రాకముందే మా ఆయన పడవ తుఫానులో పోయింది. ‘ఆ పిల్లని ఊరికి పంపెయ్, నీకెందుకీ బరువు’ అన్నారంతా. ‘పసిబిడ్డతో అంత సముద్రం దాటుతాదా? ఇక్కడే ఉంటాది’ అని వాళ్ల నోళ్లు మూయించింది. వీధి వీధీ తిరిగి చేపలమ్మి మమ్మల్ని సాకింది.”

“చాల్లే, విమానమంతా వింటన్నారు,” కళ్లు తెరవకుండానే గొణిగింది గురమ్మ.

“విననీ! ఇన్నేళ్లలో నీ ఎదురుగా ఒక్కసారైనా చెప్పానా? నువ్వు లేకపోతే నేనూ లేను, నా బిడ్డా లేడు.”

గురమ్మ మొహం కిటికీవైపు తిప్పుకుంది. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

చెన్నైలో దిగాక చక్రాల కుర్చీ వచ్చింది. గురమ్మను అందులో జాగ్రత్తగా కూర్చోబెట్టడానికి లీదియా సాయం పట్టింది.

“దేవుడు మేలు చేస్తాడు ఆంటీ. నేను ప్రార్థన చేస్తాను. రేపు ఆస్పత్రికొచ్చి చూస్తాను,” అంది. తర్వాత ఎరుకమ్మ పక్కకొచ్చి మెల్లగా అడిగింది. “ఈ రోజుల్లో తోడబుట్టినవాళ్లు కూడా ఇంత చెయ్యరు. ఆవిడ మీ సొంత అక్కేనా?”

“కాదమ్మా.”

“మరి ఏమవుతారు?”

జారిపోతున్న గురమ్మ కొంగు భుజం మీద సర్దుతూ ఎరుకమ్మ చెప్పింది.

“మా ఆయన మొదటి పెళ్లాం.”