నల్లకాసు

"మామా, గిది బంగారమా, బొగ్గా?"

చిన్నకోడలు రూపాలి అరుపు దాజీ పేట సందు చివరిదాకా వినిపించింది. ఆ వేళ ఖండే నవమి. మగ్గాలకు పూజ చేసే రోజు కాబట్టి సాంచాలు, అంటే మరమగ్గాలు, అన్నీ ఆగి ఉన్నాయి. ఆడుతున్నది రూపాలి నోరొక్కటే.

కిందటేడు ఇదే పండక్కి రామచంద్రం కోడళ్ళిద్దరికీ చెరో బంగారు కాసు కొనిచ్చాడు. ఒకే దుకాణం, ఒకే బరువు, ఒకే ముద్ర. మగ్గం మీద పెట్టి పూజ చేద్దామని ఇప్పుడు డబ్బీలు తెరిస్తే పెద్దకోడలు సారిక కాసు ధగధగ, రూపాలి కాసు మసిమసి. నాణెం నల్లబడింది, మామ మొహం తెల్లబడింది.

"అక్కకు ఖరా మాల్, నాకు ఖోటా మాల్! అక్కకు అసలుది, నాకు నకిలీది!"

"ఇద్దరికీ గీ చేత్తోనే కొన్న గద బిడ్డా!"

"నా కాడికొచ్చేసరికి ఆ చెయ్యి వంకరపోయింది. బస్! మగ్గాలు పంచుర్రి. మేము కుంఠా నాకా కాడ వేరే ఇల్లు తీసుకొని ఉంటం."

తెగిన పోగుకు ముడి వేయడం రామచంద్రానికి తెలుసు. తెగించిన కోడలికి ఏం చేయాలో తెలియలేదు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"పోనీ చెల్లె," అంది సారిక మెత్తగా. "జెర్ర నలుపైతే ఏంది? పండుగ పూట లొల్లి ఎందుకు? పెట్టెల పెట్టేసుకో."

"నీది మెరుస్తుంది కాబట్టి నువ్వు గట్లనే అంటవ్ అక్కా!"

"చాలు తల్లీ, చాలు!" రామచంద్రం చెప్పులు తొడుక్కున్నాడు. "మంగేశ్ శేఠ్ కాడ కొన్న, మంగేశ్ శేఠే చెప్తడు. ఖోటా అని తేలితే నేనే మగ్గాలు పంచిస్త. నడువుర్రి, రెండు కాసులూ పట్టుకొని!"

ఆటోలో ముగ్గురూ కూర్చున్నారు గానీ రూపాలి నోరు కూర్చోలేదు.

మంగేశ్ శేఠ్ మరాఠీవాడైనా పుట్టి పెరిగింది తెలుగువాళ్ళ మధ్యనే. నల్లకాసును గీటురాయి మీద గీసి, ఓ చుక్క మందు వేసి చూసి, నవ్వాడు.

"సోనం ఖరం ఆహే, కాకా! అసలు బంగారం."

"మరి గీ నలుపేందీ..." రూపాలి రాగం తీసింది.

"రాగి," అన్నాడు మంగేశ్.

రాగం ఆగింది.

"గట్టిగ ఉండాలని బంగారంల కొంచెం రాగి కలుపుతం వహినీ. మీ ఇంట్ల నూలుకు నల్లరంగు వేస్తరు కద? ఆ రంగుల గంధకం ఉంటది. దాని గాలి తగిలి తగిలి, నెలల మీద రాగి నల్లబడతది. మెరుగు పెడితే పోతది."

మగ్గాలు విడిపోయే గండం గడిచిందని రామచంద్రం లేచి నిలబడ్డాడు. రూపాలి లేవలేదు.

"గట్లెట్ల? రంగు తొట్టి కింద ఉంది, నా గది మేడ మీద ఉంది. తొట్టి పక్క గది అక్కది. నల్లబడితే అక్కది నల్లబడాలె గద?"

రామచంద్రం మళ్ళీ కూలబడ్డాడు. "అరే దేవా! మంచిగ ఉన్నదానికి కూడ పంచాయితేనా?"

మంగేశ్ మాత్రం నవ్వడం మానేశాడు. "తొట్టి పక్కనే ఏడాది ఉండి ఇంకా మెరుస్తుందా? అయితే అనుమానం దాని మీదనే. ఎవరన్నా మార్చి, పైపూత మాల్ పెట్టిండ్రేమో. ఇటియ్యి సారికా వహినీ, గీసి చూస్త."

సారిక తన చేతిలోని మెరిసే కాసును నిప్పు అంటుకున్నట్టు బల్ల మీద పడేసి, నల్లకాసును రెండు చేతులా దొరకబుచ్చుకుంది.

"నీ ఖోటా మాల్ నువ్వే తీసుకో రూపాలీ! పొద్దుగాల నీ డబ్బీల నేను మార్చిపెట్టిన నా కాసు నాకియ్యి!"