నలభై ఒక్కసార్లు

గుండీల బల్ల దగ్గర షికారక్క మళ్ళీ లేచింది.

సూపర్‌వైజరు కాగితం మీద ఇంకో గీత గీసింది. పొద్దుటి నుంచి అది ముప్పై ఎనిమిదోది.

చొక్కాలు కుట్టే ఆ హాల్లో మొదటి బల్ల కాలర్లది, చివరి బల్ల గుండీలది. అది దాటితే తనిఖీ. అందరూ తలెత్తకుండా కుడుతుంటే, షికారక్క మాత్రం చంకలో ఓ చొక్కా పెట్టుకుని బల్లబల్లకీ తిరిగేది. ఎవరి చెవిలోనో ఏదో ఊదేది, నవ్వించేది, వచ్చి కూర్చునేది. ఆ పేరు ఊరికే రాలేదు.

సూపర్‌వైజరు కూడా ఒకప్పుడు కాలర్ల బల్ల దగ్గర కొత్తగా చేరినదే. చేరిన ఏడాదంతా ఆమె కాలరు ఒక్కటి కూడా తనిఖీలో వెనక్కి రాలేదు. అందుకే ఈ కుర్చీ దక్కింది. అప్పటి చొక్కా ఒకటి ఆమె పేరుతో గుమ్మం పక్కన అద్దాల పెట్టెలో వేలాడుతోంది. ఆ రోజుల్లో కూడా షికారక్క అందరి దగ్గరికీ తిరిగేది గానీ, ఆమె బల్ల దగ్గరికి మాత్రం వచ్చేది కాదు.

ఇప్పుడు సూపర్‌వైజరు సాయంత్రాలు మేనేజ్‌మెంట్ క్లాసులకి వెళ్తోంది. సంస్థల్లో మనుషులు ఎలా ప్రవర్తిస్తారన్నది ఈసారి పాఠం. గుంపులో పనిచేసేటప్పుడు కొందరు తమ బరువు పక్కవాళ్ళ భుజాల మీదికి నెట్టేస్తారని పుస్తకంలో ఉంది.

"మీరు పనిచేసే చోట దీనికో ఉదాహరణ చూపించండి" అన్నాడు మాస్టారు.

ఉదాహరణ కళ్ళెదుటే తిరుగుతోంది!

సాయంత్రానికి గీతలు నలభై ఒకటి తేలాయి. పక్కనున్నామె తొంభై చొక్కాలకి గుండీలు కుడితే, షికారక్క కుట్టినవి అరవై.

ఆ లెక్కలతో మాస్టారికి రాసిచ్చిన రిపోర్టుకి పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. మురిసిపోయి మార్కుల సంగతి హాలంతా చెప్పుకుంది, రిపోర్టు మేనేజరుకి కూడా చూపించింది. అక్కడే పప్పులో కాలేసింది.

మేనేజరు షికారక్కని పిలిపించాడు.

"రోజుకి నలభై ఒక్కసార్లు లేస్తున్నావట. ఎందుకు?"

"కాళ్ళు తిమ్మిరెక్కుతాయి సార్."

"మరి చంకలో ఆ చొక్కాలెందుకు?"

"ఉత్త చేతులతో తిరిగితే బాగోదుగా సార్."

"వేళాకోళమా? రేపట్నుంచి రానక్కర్లేదు."

షికారక్క బతిమాలలేదు. సూదుల డబ్బా సంచిలో వేసుకుని, సూపర్‌వైజరు ముందు ఆగింది.

"ఎన్నిసార్లు లేచానో రాశావు తల్లీ. ఎందుకు లేచానో అడిగి రాసుంటే ఆ పదో మార్కు కూడా వచ్చేది."

తలెత్తుకుని వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా తనిఖీ బల్ల దగ్గర చొక్కాలు గుట్టపడ్డాయి. ఒకదానికి కాలరు మొనలు రెండూ రెండు రకాలు. ఇంకోదానికి కుడి చెయ్యి ఎడమ వైపు పడింది. హాలంతా తిట్లే తిట్లు.

"ఇన్నాళ్ళూ లేని తప్పులు ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?" సూపర్‌వైజరు నిలదీసింది.

కఫ్‌లు కుట్టే పెద్దావిడ మిషన్ ఆపింది.

"తప్పులు ఇన్నాళ్ళూ ఉన్నాయి. తనిఖీ దాకా వెళ్ళేవి కావు, అంతే."

గోదాములోంచి పాత చొక్కా ఒకటి తెచ్చి, కుట్టు తిరగేసి చూపించింది. లోపల పక్కపక్కనే రెండు చిన్న ముడులు.

"మిషన్ ముడి వెయ్యదుగా. ఇది షికారక్క చేతికుట్టు. పెద్ద తప్పయితే ఎవరిది వాళ్ళకి తెచ్చిచ్చి, నవ్వించి పోయేది. చిన్నదయితే తనే విప్పి కుట్టేది. కొత్తవాళ్ళకైతే ఆ సంగతే చెప్పేది కాదు, బెదిరిపోతారని."

"ఆ మాట అక్క మేనేజరుతో అనొచ్చుగా!"

"అంటే, తప్పులు ఎవరివో కూడా చెప్పాలిగా?"

సూపర్‌వైజరుకి తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే ఫోన్ చేసింది.

"అక్కా, తప్పు నాదే. వచ్చెయ్యి."

"రాను తల్లీ. వేరే చోట చేరాను. ఇక్కడ ఎన్నిసార్లు లేచినా ఎవరూ గీతలు గియ్యరు."

నవ్వుతూనే అంది. కానీ రానంటే రానంది.

సూపర్‌వైజరు కొత్త రిపోర్టు రాసింది. బరువు నెట్టేసింది షికారక్క కాదు, మేమందరం ఆమె మీదికి నెట్టేశాం అని రాసి, మేనేజరు బల్ల మీద పెట్టింది.

"మీరే వెళ్ళి క్షమాపణ చెప్పి తీసుకురండి సార్. మీరు పిలిస్తే వస్తుందేమో."

మేనేజరు కాగితాలు పక్కకి తోసేశాడు.

"మార్కులు వచ్చేశాయిగా, ఇంకెందుకిది?"

"మార్కులు వేసినాయన చొక్కాలు కుట్టలేదు సార్."

"నోరు లేస్తోందే! ఆ కుర్చీ ఎలా వచ్చిందో గుర్తుందా? ఏడాదంతా నీ కాలరు ఒక్కటీ వెనక్కి రాలేదు. అది నీ చేతుల సత్తా. షికారక్కలెవరూ నిన్ను ఎత్తి కూర్చోబెట్టలేదు."

"సరే. ఆ చేతులతోనే వదిలేస్తున్నా. అక్క వచ్చేదాకా కుర్చీ మీరే ఉంచుకోండి. నా చొక్కా నేను పట్టుకుపోతా."

విసవిసా వెళ్ళి అద్దాల పెట్టె తలుపు లాగింది. అందరూ చూస్తుండగా చొక్కా దించింది. ఎవరేమనుకుంటే తనకేం? ఇది ఎవరి దయా కాదు, అచ్చంగా తన కష్టం.

మడత పెట్టబోతుంటే కాలరు తిరగబడింది.

లోపల, పక్కపక్కనే, రెండు చిన్న ముడులున్నాయి.