ముత్తాత పౌరుషం

“మీ కార్డేదండీ?” అని అడిగాడు ఓక్లహోమా చేతిపనుల సంత నిర్వాహకుడు.

నలభై ఏళ్లుగా నగలు చేస్తున్న లొరీనా దగ్గర కార్డు లేదు. చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగ జాబితాలో పూర్వీకుల పేరుంటేనే ఆ కార్డు ఇస్తారు. సర్కారువాళ్లు పేర్లు రాసుకోడానికొచ్చిన రోజు, “మమ్మల్ని లెక్కపెట్టడానికి వీళ్లెవరు?” అంటూ ఆమె ముత్తాత కొండెక్కేశాడు. ఆయన పౌరుషం ఆయనకు బాగానే ఉంది.

“కార్డు లేకుండా చెరోకీ నగలని అమ్మితే నేరమండీ. అసలైనవి ఎలా ఉంటాయో ఆ చివరి బల్ల దగ్గర చూడండి.”

ఆ బల్ల ఆమె శిష్యురాలు కేలీది. కేలీకి కార్డుంది. ఆల్చిప్ప పతకాలు చకచకా అమ్ముడవుతున్నాయి. ప్రతిదాని వెనకా కేలీ పేరే.

ఆ పతకాలు చేసిందీ, వాటి వెనక ఆ పేరు చెక్కిందీ లొరీనాయే. ఇవాళ అమ్మకానికి తెచ్చిన ఈ ఒక్కదాని మీదే తన పేరు పెట్టుకుంది.

ఇంటికెళ్లి ఆ పేరును ఆకురాయితో అరగదీసింది. కేలీ పేరుకి చోటు కావాలి కదా.