చదివి పెట్టే మనిషి

"కాస్త తలెత్తండి బాబూ, మీతోనే మాట్లాడుతున్నాను."

అతను ఎత్తలేదు. "వినడానికి కళ్ళతో పనిలేదు," అన్నాడు పుస్తకంలోకే చూస్తూ.

ఆవిడకి ఒళ్ళు మండింది.

కొడుక్కి ముప్ఫై దాటాక, వాడి ముభావం పొగరూ కాదు దిగులూ కాదు, ఆటిజం అని తేల్చాడు డాక్టరు. తల్లిగా మీరిది చదవాలంటూ ఒక లావుపాటి పుస్తకం పేరు చెప్పాడు. తీరా చూస్తే అది ఇంగ్లీషు. ఆవిడ చదువు అంతదాకా పోలేదు. లైబ్రరీలో చదివి అర్థం చెప్పిపెట్టే మనుషులుంటారంటే పరిగెత్తుకొచ్చింది.

వస్తే దొరికినవాడు ఇతను.

పలకరిస్తే పలకడు. టైమవగానే వాక్యం మధ్యలోనే పుస్తకం మూసేస్తాడు. ఏమన్నా అంటే, "టైమైంది," అంటాడు.

ఒకరోజు ఆవిడకి ఏడుపు ఆగలేదు.

"ఆఫీసు నుంచి వస్తూనే గదిలో దూరి తలుపేసుకుంటాడు. లోపల ఏ అఘాయిత్యం చేసుకుంటాడోనని నా ప్రాణాలు నాలో ఉండవు. తలుపు కొడతాను. పలకడు. ఇంకా కొడతాను. నిన్నేమో, ఇంకోసారి కొడితే వేరే ఇల్లు చూసుకుని పోతానన్నాడు. ఒక్కడూ ఎలా బతుకుతాడు?"

"ఏడవడం అయ్యాక చెప్పండి. అప్పుడు చదువుతాను."

ఓదార్పు లేదు సరికదా, గుక్కెడు మంచినీళ్ళు కూడా లేవు. ఆవిడ ముక్కు తుడుచుకుంది. అతను పేజీ తిప్పాడు.

"తలుపు కొట్టకండి. రోజంతా మీద పడ్డ చప్పుళ్ళని లోపలి మనిషి ఒక్కొక్కటే దించుకుంటూ ఉంటాడు. మీరు కొడితే మళ్ళీ మొదట్నుంచీ దించుకోవాలి. బయట కూర్చుని మీ పని చేసుకోండి. వస్తాడు. వచ్చాక ఏమీ అడక్కండి."

పుస్తకమన్నా నయం, మనిషిలా మాట్లాడుతోంది అనుకుందావిడ.

ఆ సాయంత్రం హాల్లో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెట్టింది. తలుపు కేసి పోయే చేతిని బలవంతాన వెనక్కి లాక్కుంది. కూర్చున్నచోటే చచ్చి బతికింది.

తలుపు తెరుచుకుంది. కొడుకొచ్చి పక్కన చతికిలబడ్డాడు. ఒక తువ్వాలు తీసుకుని మడతపెట్టాడు.

ఆవిడ ఏమీ అడక్కుండా ఇంకో తువ్వాలు వాడి ముందుకి జరిపింది.

"ఇల్లు చూడ్డంలేదులే అమ్మా," అన్నాడు చివరికి.

మర్నాడు ఈ ముచ్చట చెప్పబోతే, "నిన్న ఎక్కడ ఆపాం?" అన్నాడతను.

అంతే. ఆవిడ విసవిసా లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళింది.

"పుస్తకం బంగారం మేడమ్. చదివేవాడే బండరాయి. సరిగ్గా చదవడు. ఇంకెవర్నన్నా చూపించండి."

ఆ వారమే లైబ్రేరియన్ నుంచి ఫోనొచ్చింది.

"అడిగానండీ. 'ఆవిడ చెప్పింది నిజమే, నేను సరిగ్గా చదవడంలేదు' అన్నాడు. ఇక రానని చెప్పి వెళ్ళిపోయాడు. ఎక్కడుంటాడో మాకూ తెలీదు."

"చూశారా, తనే ఒప్పుకున్నాడు."

కొత్తమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. "కూర్చోండి ఆంటీ. మంచినీళ్ళు తాగుతారా?"

ఆవిడ ప్రాణం లేచొచ్చింది.

"తలుపు సంగతి రాసుంది కదా, అది మళ్ళీ చదువమ్మా. మావాడి పని ఇంకో ఆఫీసుకి మారిందట. నిన్నట్నుంచి గది దాటి రావడంలేదు. ఎంతసేపు కూర్చున్నా రాలేదు. అప్పుడేం చెయ్యాలో కూడా రాసే ఉంటారు."

అమ్మాయి వెతికింది. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి.

"ఇందులో అంతా పరీక్షలు, శాతాలు, మందుల పేర్లే ఆంటీ. తలుపు ఊసే లేదు."

"సరిగ్గా చూడమ్మా. చప్పుళ్ళు దించుకోవడం గురించి..."

"లేదాంటీ. ఒక్క ముక్క కూడా లేదు."

ఆవిడ అమ్మాయి చేతిలోంచి పుస్తకం లాక్కుంది, తనకి ఇంగ్లీషు చదవడం రాదన్న సంగతే మరిచిపోయి.

ఇన్నాళ్ళూ అతను ఆవిడకి చదివి పెట్టింది, తన తల్లి బయట తలుపు బాదుతుంటే లోపల తను గడిపిన సాయంత్రాలనే.