ఐదో లెవెల్

"ఐదో లెవెల్ తీసుకోరా. ఇంకెన్ని వారాలు నానుస్తావు?" అన్నాడు అన్న.

తమ్ముడు పెన్సిల్ ముట్టుకోలేదు. బల్ల మీద మూడు కాగితాలు, ఒక్కో కాగితం ఒక్కో వీరుడు. అన్న కథ చెబుతూ ఆట నడిపిస్తాడు. పాచికలు వేసి రాక్షసులను గెలిస్తే పాయింట్లు. పాయింట్లు నిండితే లెవెల్ పెరుగుతుంది. తమ్ముడి విలుకాడికి ఎప్పుడో నిండాయి. అతనితో ఆడే నర్సు, మెకానిక్ మాత్రం నాలుగు దగ్గరే ఆగిపోయారు.

"నేనొక్కణ్ణే ఎక్కితే వీళ్ళ గతేంటన్నా? నా లెవెల్‌కి తగ్గ రాక్షసుణ్ణి దింపుతావు. ఒక్క దెబ్బకి వీళ్ళు ఔట్. ఈ లెవెళ్ళ ఆటల్లో ఇదే తంటా. వెనకబడ్డవాడికి చోటుండదు."

"మంచి కూడా చూడవయ్యా," మెకానిక్ అందుకున్నాడు. "షెడ్డులో పదేళ్ళు స్పానర్ తిప్పా. ఎంత ఎదిగానో చెప్పినవాడు లేడు. ఇక్కడ కాగితం మీద అంకె కనబడుతుంది."

"పాయింట్లు బల్ల దగ్గరికొచ్చిన వాళ్ళకే. మనం పెట్టుకున్న రూలేగా," అంది నర్సు. ఆటలో ఆమె కత్తి పట్టింది. రోజంతా బతికించి విసుగొచ్చింది, ఇక్కడైనా నరకనివ్వండి అని మొదటిరోజే గొడవపెట్టుకుంది. "మేం రాలేదు, మాకు రాలేదు. మధ్యలో నీకెందుకురా ఏడుపుమొహం?"

"నాకు నాలుగు చాలు."

"నాలుగులో ఉంటే ఆ పాత అడవే," అన్నాడు అన్న. "అవే మూడు తోడేళ్ళు. వాటినే ఎన్నిసార్లు చంపుతావు? లెవెల్ పెరిగితేనే నది దాటనిస్తా."

తమ్ముడు మూడు కాగితాలనూ దగ్గరికి లాక్కున్నాడు. నది దాటినవాళ్ళకు వెనక్కి దారి లేదు. అదీ అన్న పెట్టిన నియమమే.

"వీళ్ళని ఈ ఒడ్డునే వదిలేసి వెళ్ళాలా?"

"మేమేమన్నా చంటిపిల్లలమా?" నర్సు కసిరింది. "రాయి!"

తమ్ముడు రబ్బరు తీశాడు. నాలుగు చెరిపాడు. ఎన్నోసార్లు రుద్దిన చోటు కావడంతో కాగితం చిరిగేలా ఉంది. ఐదు వేశాడు.

ఎవరూ ఏమీ అనలేదు.

"అన్నా?"

జవాబు లేదు. మెకానిక్ నవ్వలేదు. నర్సు కసరలేదు.

బస్సు ప్రమాదంలో పోయిన ఆ ముగ్గురి గొంతులతో ఏడాదిగా ప్రతి ఆదివారం తానొక్కడే మాట్లాడుకుంటున్న మరిది మౌనంగా ఉండటం, పక్కగదిలో వదిన మొదటిసారి విన్నది.