భ్రమరాంబ ఓటు

మిక్సీల కంపెనీలో ఈ ఏడాది ఏం తయారుచేయాలో తేల్చే సమావేశానికి మనుషులెవరూ రానక్కర్లేదు. వాళ్ళ తీరు చూసి నేర్చుకున్న కంప్యూటర్ నకళ్ళే తెరలమీద కూర్చుని వాళ్ళ తరఫున ఓటేస్తాయి. అయినా డిజైనర్ భ్రమరాంబ స్వయంగా వచ్చింది. మూత తీయగానే బ్లేడు ఆగిపోయే మిక్సీ ఆమె ఆలోచన. మిక్సీలో తల్లి వేలు తెగినప్పటి నుంచీ దానిమీదే పనిచేస్తోంది.

గెలిచింది మాత్రం పచ్చడిని పొగిడే మిక్సీ. భ్రమరాంబ నకలు కూడా దానికే ఓటేసింది.

"మన మిక్సీకి ఎందుకు వెయ్యలేదే?" అని తెరమీది తన ముఖాన్నే నిలదీసింది.

"ఏడేళ్ళుగా మేనేజరుగారు ఎటంటే అటే చెయ్యెత్తుతున్నావు కదా. నేనూ అదే చేశాను."

భ్రమరాంబ ముఖం మాడిపోయింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి చెయ్యెత్తి, "నేను ఒప్పుకోనండీ," అంది.

మేనేజరు నకలు మర్యాదగా నవ్వింది.

"మీ ఓటు ఇందాకే పడిపోయిందమ్మా."