తెల్లబడ్డ రొయ్య

కుళాయి నీళ్ళు తాగొచ్చో లేదో ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ రొయ్యలే చెబుతాయి. వంటగట్టు మీది తొట్టిలో అవి అద్దంలా ఉంటే నీళ్ళు మంచివి. కండ పాలలా తెల్లబడితే ఆ ఇంటి కుళాయికి సీలు పడుతుంది.

హిమజ ఇంటి కుళాయికి దగ్గరుండి సీలు వేయించింది అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ పరాంకుశం. "రోగిష్టి కొంప" అని మెట్ల మీద నలుగురిలో అన్నాడు కూడా.

ఈ ఉదయం ఆమె తోడుకు పెరుగు కావాలంటూ గిన్నెతో ఆయన వంటింట్లోకి వెళ్ళింది. ఆయన హాల్లోని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళగానే, గిన్నెలో దాచి తెచ్చిన తెల్లబడ్డ జబ్బు రొయ్యను ఆయన తొట్టిలో వేసింది. తొట్టిలోవి దాన్ని కొరికితే చాలు, వాటికీ జబ్బు అంటుకుంటుంది; ఆయన కుళాయికీ సీలు పడుతుంది.

ఒక్కటీ దగ్గరికి రాలేదు. అన్నీ ఒకే తీరుగా గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒకదాన్ని పట్టి చూసింది. బ్యాటరీతో తిరిగే ప్లాస్టిక్ బొమ్మ. గట్టు కింద, బయట కొన్న నీళ్ళ డబ్బాలు కనిపించాయి.

పరాంకుశం వచ్చి ఆమె చేతిలోని బొమ్మను చూశాడు.

"మేడ మీది ట్యాంకు అందరికీ ఒకటే కదా బాబాయిగారూ," అంది హిమజ. "సాయంత్రం మీటింగు ఇక్కడే పెట్టించండి. మీ కుళాయి నీళ్ళు నేనే పట్టి ఇస్తాను. మొదటి గ్లాసు మీకే."